వేలి కింది సున్నా

నేను కట్టిన కీబోర్డులో తప్పుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది నా గుణం, దాచుకునేదేమీ లేదు. "శేషారత్నం చేతిపని బాగుంటాది, నోరే బాగుండదు" అని గూడూరులో మా దుకాణానికి వచ్చేవాళ్ళంతా అంటారు. అననీ. ఆ నోరే లేకపోతే మా అక్క ఈపాటికి గోడ మీద పటమై ఉండేది.

మా దుకాణంలో రెండు బల్లలు. ఒకదాని మీద అక్క కామాక్షమ్మ తెలుగు డీటీపీ చేసేది. రెండోదాని మీద నేను మెకానికల్ కీబోర్డులు కడతాను. ఒక్కో మీటకు ఒక్కో స్విచ్ ఏరి, స్ప్రింగు బిగువు చూసి, టంకం వేసి, వాడే మనిషి వేళ్ళకు తగ్గట్టు చేసే పని. అక్క కీబోర్డు కూడా నేను కట్టిందే. ఆమె చిటికెన వేళ్ళు బలహీనమని ఆ వైపు మీటలకు మెత్తటి స్ప్రింగులు వేశాను. వెనక గదిలో ప్రింటింగు మిషను బావ పెంచలయ్యది.

అక్క హస్తవాసి ఊరంతా తెలుసు. పెళ్లికార్డు మొత్తం ఇంకెక్కడో చేయించుకున్నవాళ్ళు కూడా పైన 'శ్రీరస్తు శుభమస్తు' ఒక్కటీ కామాక్షమ్మ చేత కొట్టించుకు పోయేవాళ్ళు. బావకైతే ఆ నమ్మకం మరీ ఎక్కువ. ఇంట్లో ఏ మిషనైనా సరే, ముందు అక్క చెయ్యి ఆనించాలి, ఆ తర్వాతే స్విచ్ వెయ్యాలి. ఆమె చెయ్యి మీద ఉండగా ఆపకూడదు. చెయ్యి తీశాకే ఆపాలి. మిక్సీకి కూడా ఇదే వరస. నేను ఎగతాళి చేసేదాన్ని, అక్క నవ్వుతూ చెయ్యి ఆనించేది.

ఆ అక్క ఒకరోజు పెళ్లికార్డు మధ్యలో కీబోర్డు మీదికి ఒరిగిపోయింది. మెదడు అడుగుభాగంలో రక్తం గడ్డ కట్టిందన్నారు. ప్రాణం నిలిచింది, మనిషి నిలిచిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. గొంతులో గొట్టం, పక్కన ఊపిరి మిషను. కళ్ళు తెరిచే ఉంటాయి, ఎటూ తిరగవు. "లోపల ఏమీ మిగల్లేదనే అనుకోండి" అన్నాడు పెద్ద డాక్టరు. మేమట్లా అనుకోకుండానే ఇంటికి తెచ్చుకున్నాం.

నౌషీన్ మా గడప తొక్కింది అప్పుడే. తిరుపతిలో ఒక పరిశోధనశాలలో పనిచేసే డాక్టరమ్మ, అక్కలాంటి వాళ్ళ ఇళ్ళకు తిరుగుతూ ఆసుపత్రిలో మా సంగతి విని వచ్చింది. మా ఊరి చుట్టూ పాత అభ్రకం గనుల తవ్వుపోతలున్నాయి కదా, ఎండలో రోడ్డు పక్క మట్టి కూడా మెరుస్తుంటుంది. ఆమె అక్కడి అభ్రకం బిళ్ళను పొరలు పొరలుగా విప్పుకుంటూ పోయి, కంటికి ఆననంత పలచటి పొర ఒకటి తీసింది. దాన్ని రెండు తీగల మధ్య నా బల్ల అంచుకు అతికించి, లాప్‌టాప్ తెరిచింది. బల్ల మీద చీమ నడిచింది. తెర మీద గీత గబుక్కున లేచింది.

"ఇది చిన్న విషయం. మీ వేలు దీనిమీద పెట్టండి శేషుగారూ. నొక్కాలనుకోండి, కానీ నొక్కొద్దు" అంది.

వేలు పెట్టాను. నొక్కాలనుకున్నాను, ఆగిపోయాను. నా వేలు వెంట్రుకవాసి కదలలేదు, ప్రమాణం చేసి చెబుతాను. గీత మాత్రం కొండెక్కినట్టు పైకి పోయింది. కుడివైపు నెట్టాలనుకుంటే కుడికి, ఎడమవైపు అనుకుంటే ఎడమకు.

"మనం అనుకున్నది కదలికగా మారకముందే వేలి కండలో ఒక బిగువు పుడుతుంది. ఏ యంత్రానికీ అందనంత చిన్నది. ఈ పొరకు అందుతుంది. మీ అక్కగారిలో ఏమైనా మిగిలుంటే, ఇదే చెప్పాలి" అంది నౌషీన్.

"మరి నా దగ్గరికెందుకొచ్చారు?"

"చెయ్యి ఏళ్ళ తరబడి ఎక్కడ పనిచేసిందో, ఆ చోట పెడితే బిగువు ఎక్కువ పుడుతుంది. అక్కగారి కీబోర్డులోనే దీన్ని పెట్టాలి. మా ల్యాబులో ఆ చేతిపని తెలిసినవాళ్ళు లేరు."

పాత లాప్‌టాప్‌లలో G, H, B మీటల నడుమ చిన్న రబ్బరు బొడిపె ఉండేది, చూసే ఉంటారు. చూపుడు వేలితో ఏ వైపు నెడితే తెర మీద బాణం ఆ వైపు పోతుంది. బొడిపె మాత్రం కదలదు, దానికి తెలిసేదల్లా ఒత్తిడే. అట్లాంటి బొడిపె ఒకటి అక్క కీబోర్డులో నిలబెట్టాలి. చెప్పడానికి సులువే! మూడు స్విచ్‌ల మధ్య సందు వేలిగోరంత కూడా లేదు. బోర్డుకు రంధ్రం వేయబోతే దారిలో రాగి గీతలు. వాటిని తెంపి, అడుగునుంచి సన్నతీగలతో మళ్ళీ కలిపాను. మూడు మీటల మూలలు ఆకురాయితో అరగదీశాను. మెకానికల్ మీటలు ఎత్తుగా ఉంటాయి కనుక బొడిపె కాడ పొడవుగా ఉండాలి. ఇత్తడి కాడ వంగిపోయింది. చివరికి సైకిలు చక్రం పుల్ల కోసి నిలబెట్టాను. దాని మొదట్లో అభ్రకం పొర, తలమీద ఎర్ర రబ్బరు టోపీ. పూర్తయ్యాక దాన్ని చూసుకుని మురిసిపోయాను, ఎందుకు అబద్ధం చెప్పాలి?

నౌషీన్ ప్రోగ్రాము రాసింది. అందులో ఒక జాగ్రత్త పెట్టింది. పొర అంత చురుకైంది కాబట్టి, ఊరికే ఆనిన వేలి బరువుకే బాణం పరుగెత్తకూడదు. అందుకని, స్విచ్ వేసినప్పుడు బొడిపె మీద ఎంత ఒత్తిడి ఉంటే అంతనూ సున్నా అనుకోవాలి. తర్వాత కూడా నిదానంగా పెరిగే ఒత్తిడినంతా వేలి బరువు కింద జమకట్టి సున్నాలో కలుపుకోవాలి. గబుక్కున వచ్చేదే మనిషి నెట్టిన నెట్టుడు. మాకందరికీ అది సబబుగానే తోచింది.

మంచం మీద అక్క కుడిచేతి కింద కీబోర్డు పెట్టాం. ఎదురుగా తెర. కుడివైపు పెద్ద అక్షరాలతో 'అవును', ఎడమవైపు 'కాదు', నడుమ బాణం.

"స్విచ్ వేద్దామా?" అంది నౌషీన్.

"ఆగమ్మా ఆగు! ముందు ఆమె చెయ్యి ఆనించనీ" అని బావ అక్క చూపుడు వేలిని బొడిపె మీద మెల్లగా పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి, అప్పుడు స్విచ్ వేశాడు. వంగి అక్క చెవి దగ్గర అడిగాడు. "కామాక్షీ, ఉండావా?"

బాణం కదలలేదు.

అప్పటినుంచి రోజూ పొద్దున అదే తంతు. చెయ్యి ఆనించడం, దణ్ణం, స్విచ్, "కామాక్షీ, ఉండావా?" ఆ తర్వాత నొప్పిగా ఉందా, ఫ్యాను వెయ్యాలా, ఫలానా వాళ్ళమ్మాయికి పెళ్లి కుదిరింది విన్నావా అంటూ ఒకటే ప్రశ్నలు. బాణం నడిమధ్యలో మేకు కొట్టినట్టు ఉండేది. ప్రశ్నలై, ఒళ్ళు తుడిచే వేళకు బావ ఆమె చెయ్యి ఎత్తేవాడు. ఎత్తగానే బాణం సర్రున ఎడమకు జారి 'కాదు' మీద కూర్చునేది. ఆ తర్వాత కీబోర్డు స్విచ్ ఆపేవాడు.

ఆ జారుడు చూస్తే నాకు తలకొట్టేసినట్టుండేది. పాత బొడిపెలకు చెయ్యి తీశాక కాస్త జారే జబ్బు ఉండేది, నిజమే. కానీ నేను కట్టినదానికా! రెండుసార్లు విప్పాను. టంకం మళ్ళీ వేశాను. రబ్బరు మార్చాను. ఊహూఁ, మర్నాడు మళ్ళీ అంతే.

వానాకాలం వెళ్లిపోయి చలి మొదలైంది. ఒక మధ్యాహ్నం బావ నన్ను వెనక గదిలోకి పిలిచాడు. ఇంకు రోలరు తుడుస్తున్నాడు, అది అప్పటికే తళతళలాడుతోంది.

"శేషూ, సోమవారం డాక్టరుతో మాట్లాడతా. గొట్టం తీయించేస్తా" అన్నాడు.

"ఏంది బావా నువ్వు మాట్లాడేది?"

"నిన్న నువ్వు బజారుకు పోయినప్పుడు నేనొక్కణ్నే అడిగినా. 'ఇంకా ఉండాలనుందా నీకు? ఈ గొట్టంతో, ఈ మిషనుతో?' అని. చానాసేపు చూసినా. కదల్లా. సరేలే అని చెయ్యి ఎత్తినా. ఎత్తంగానే పోయి కాదు మీద కూచుంది."

"అది బొడిపె జబ్బు బావా! దాన్ని పట్టుకుని మనిషి ప్రాణం..."

"జబ్బయితే ఒకసారి అటు, ఒకసారి ఇటు పోవాల గదా. ఒక్కసారన్నా అవును మీదికి పోయిందా, చెప్పు? రోజూ కాదనే అంటుండాది శేషూ. నాకే చెవులు లేవు. ఆమె వద్దంటుంటే పట్టి ఉంచేదానికి నేనెవణ్ని?" రోలరు మీద అతని కన్నీళ్ళు పడ్డాయి. వాటిని కూడా తుడిచాడు.

ఏడవడం కూడా చేతకాక దుకాణంలోకి వచ్చి కూర్చున్నాను.

శనివారం నౌషీన్ వచ్చింది, పొరను వెనక్కి తీసుకుపోవడానికి. పరిశోధన ముగిస్తున్నారట. "ఈ పొర పెట్టి చూసిన మిగతా ఇళ్ళల్లో కూడా సున్నానే వచ్చిందండీ. ఇక్కడైతే మీ బొడిపె జారుతోంది కూడా. బహుశా టంకంలో ఎక్కడో లోపం ఉండుంటుంది. ఫర్వాలేదులెండి" అంది, పాపం మెత్తగానే.

అంతే! "ఎవరి టంకంలో లోపం?" అని లేచాను. "మీ చదువు మీకు ఎక్కువ కావొచ్చు తల్లీ, టంకం గురించి మాత్రం నాకు చెప్పొద్దు. బావా, అక్క చెయ్యి తియ్యి. ఇప్పుడే తేలుద్దాం."

"చెయ్యి లేకుండా స్విచ్ వేస్తావా?" బావ కంగారుపడ్డాడు.

"వేస్తా. గమ్మునుండు."

ఎవరి చెయ్యీ లేకుండా స్విచ్ వేశాను. ఆ ఇంట్లో అట్లా జరగడం అదే మొదలు. బాణం నడుమ నిలబడింది. టీ పెట్టుకుని తాగినంతసేపూ చూశాం. ఇసుమంత జారలేదు. నా వేలు ఏ వైపూ నెట్టకుండా ఊరికే బరువుగా ఆనించి, కొంతసేపు ఉంచి, ఎత్తాను. జారలేదు. నౌషీన్ వేలు. జారలేదు. బావ వేలు. జారలేదు.

"చూశారా! బొడిపెకే జబ్బుంటే అందరికీ జారాలి గదా" అన్నాను గెలిచినట్టు. అక్క వేలు ఆనించాను. బాణం కదలలేదు. కాసేపుంచి ఎత్తాను. సర్రున ఎడమకు పోయింది.

గెలిచిన సంతోషం అక్కడే ఆగిపోయింది. కూరగాయల అంగడిలో కాటా గుర్తొచ్చింది నాకు. గంప పెట్టి సున్నా నొక్కుతారు. ఆ తర్వాత గంప తీసేస్తే అంకె సున్నా కిందికి పోతుంది, ముందర మైనస్ గీత పడుతుంది. గంప ఎంత బరువో అంత.

"డాక్టరమ్మా, ఎడమకు జారిందంటే, అంతదాకా ఎవరో కుడికి నెడుతున్నట్టు గదా?"

ఆమె తెర వంక తిరిగింది. "నిదానంగా పెరిగేదాన్ని... నేనే సున్నాలో కలపమన్నాను" అంది. "ఆమె నెట్టుడు అంత నిదానం. ఆమె బలమంతా పెట్టి నెడుతోంది, మా ప్రోగ్రాము దాన్ని వేలి బరువు అనుకుంటోంది."

"నాకు అర్థమయ్యేట్టు చెప్పండమ్మా" అన్నాడు బావ.

"చెప్పడం కాదు, చూడు" అన్నాను. నౌషీన్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ జాగ్రత్తను తీసేసింది. చెయ్యి లేకుండా స్విచ్. బాణం నడుమ. అప్పుడు అక్క వేలిని పట్టుకుని బొడిపె మీద పెట్టాను. ఎప్పటిలాగే చల్లగా, మెత్తగా ఉంది, చచ్చుబడ్డ వేలు.

"అడుగు బావా. మొన్న అడిగిందే అడుగు."

"నావల్ల కాదు."

"అడుగుతావా లేదా?"

బావ మంచం పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. "కామాక్షీ," అని ఆగాడు. "ఇంకా ఉండాలనుందా నీకు?"

ఏమీ జరగలేదు. ఊపిరి మిషను బుస్సుమంటోంది. వీధిలో ఎవరో పాతసామాన్లు కొంటామని అరుచుకుంటూ పోయాడు. నా కళ్ళు మండుతున్నా రెప్ప వేయలేదు. ముందు నౌషీన్ చూసింది. నా భుజం పట్టుకుంది. బాణం మొన నడిమి గీతను దాటి ఉంది, వెంట్రుకవాసి, కుడికి.

పొద్దు కదిలినట్టు కదిలింది అది. కదులుతున్నప్పుడు తెలియదు, కాసేపు పోయాక చూస్తే ఇంకోచోట ఉంటుంది. అక్క ముఖంలో ఏ మార్పూ లేదు, కళ్ళు పైకప్పును చూస్తున్నాయి, వేలు రవ్వంత అదరలేదు. ఆ రాయిలాంటి ఒంట్లోంచి, ఎంత లోతునుంచో, మనిషి నడిచి వస్తోంది. కిటికీలోంచి పడే ఎండ మంచం కోడు దాటి నేలమీదికి దిగింది. బాణం 'అవును' అంచు తాకింది. లోపలికి పోయింది. అక్కడ కూడా ఆగలేదు. 'అవును' దాటి, తెర చివరకు పోయి, పోవడానికి చోటు లేక, అక్కడ అంటుకుని ఉండిపోయింది. గీతలో చూస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతూనే ఉంది.

బావ మంచం మీద తలపెట్టి పెద్దగా ఏడ్చాడు. "ఉండాది! నా కామాక్షి ఉండాది! నేనెంత పని చేయబోయినానే తల్లీ!" నేనూ ఏడ్చాను. మనిషి లోపల ఇంత దూరం ఉంటుందని, అంత దూరంనుంచి కూడా మనిషి రాగలదని నాకు అంతవరకూ తెలియదు. వేలు ఎత్తబోతే చేతులు రాలేదు. గర్భగుడిలో దేన్నో ముట్టుకుంటున్నట్టు భయం వేసింది.

తేరుకుని చూస్తే నౌషీన్ గదిలో లేదు. వాకిట్లో మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చుంది. మిగతా ఇళ్ళవాళ్ళకు ఒక్కొక్కరికీ చేస్తోంది. "ఏమీ నిర్ణయించొద్దండీ. నేను వస్తున్నాను. దయచేసి ఏమీ చేయొద్దు" అని అదే మాట. ఆ ఇళ్ళల్లో ముందు పొర స్విచ్ ఆపి, తర్వాత చెయ్యి తీసేవాళ్ళట. అందుకే జారుడు ఎవరి కంటా పడలేదు. అక్క చెయ్యి ఉండగా మిషను ఆపకూడదన్న మా బావ చాదస్తం లేకపోతే మాకూ పడేది కాదు.

చివరి నంబరు మాత్రం ఆమె నొక్కలేదు.

"కావలిలో ఒకాయన. భార్యకు ఇట్లాగే. సున్నా అని నేనే కాగితం ఇచ్చాను. పోయిన నెల గొట్టం తీయించేశారు" అంది. "ఆయన ప్రశాంతంగా ఉన్నాడిప్పుడు. భార్యకు ఏమీ తెలియలేదనే నమ్మకంతో. చెప్పాలా శేషుగారూ? చెప్పి ఏం మిగిలిస్తాను?"

నా నోరు ఎప్పుడూ ఊరుకోదు, ఆ రోజు ఊరుకుంది. బావ అన్నాడు, "కామాక్షినే అడగండమ్మా. ఆ లోపల ఉండే సంగతి ఆమెకే తెలుసు."

నౌషీన్ అక్క ఎదురుగా కూర్చుని అంతా చెప్పి, అడిగింది. బాణాన్ని నడుమకు తెచ్చి, వేలు ఆనించి, కనిపెట్టుకుని కూర్చున్నాం. ఎండ పూర్తిగా పోయింది. బాణం కుడికి పోలేదు, ఎడమకు పోలేదు. గీత చూశాను. చదునుగా ఉంది. ఆమె నెట్టడం లేదు. అన్ని నెలల్లో ఆ బొడిపె మీద నేను చూసిన నిజమైన సున్నా అదొక్కటే. ఆమె విన్నది, ఆలోచించింది, జవాబు చెప్పకూడదనుకుంది. నౌషీన్ చాలాసేపు ఆ సున్నాను చూసి, లేచి అక్క పాదాలు ముట్టుకుని, కావలి బస్సెక్కింది. అక్కడ ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ తర్వాత ఆమె జుట్టు తొందరగా నెరిసింది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. అందరం దూరంగా నిలబడతాం, ఒట్టి మిషనుకు స్విచ్ వేస్తాం, ఆ తర్వాతే అక్క చెయ్యి. తెర మీద అవును, కాదు పోయి అక్షరాలు వచ్చాయి. ఒక్కో మాటకు రెండేసి గంటలు పడుతుంది. మొదటి వారమంతా నన్ను తిట్టడానికే సరిపోయింది, బొడిపె రబ్బరు గరుకుగా ఉందని. నౌషీన్ అన్ని ఊళ్ళకూ పంపే బొడిపెలను నేనే కడుతున్నాను. దాంతోపాటు వెళ్ళే కాగితం మీద మొదటి పంక్తి అక్క రాసింది: 'ముందు స్విచ్ వేయండి. తర్వాత చెయ్యి పెట్టండి. తొందరపడకండి.' ఆమె హస్తవాసి కదా, దాన్ని మార్చడానికి ఎవరికీ మనసు రాలేదు.

బావ మాత్రం ఒక ప్రశ్న చాలాకాలం మింగుకుని తిరిగాడు. మొన్న అడిగేశాడు. "నువ్వు చెప్పిందేదీ మాకు అందలా గదా కామాక్షీ. ఒక్కరోజు కూడా అందలా. అయినా రోజూ ఎందుకు నెడతానే ఉంటివి?"

ఆ జవాబుకు పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా పట్టింది. దుకాణం మూసేసి ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఒక్కో అక్షరం వచ్చి కూర్చుంటుంటే బావ పైకి చదువుతూ ఉన్నాడు, చివరి మాట దగ్గర చదవలేకపోయాడు. నేను చదివాను.

'నువ్వు రోజూ అడగతానే ఉంటివి గదా.'